మూడు చీకట్లలో ఒక అమానతు

 

 

దివ్య ఖుర్ఆన్ 39వ సూరా అజ్-జుమర్, 6వ ఆయతులో అల్లాహ్ మన పుట్టుకను మనకు గుర్తు చేస్తాడు. తల్లుల గర్భాలలో ఒక దశ వెంట మరొక దశగా, మూడు చీకట్ల నడుమ మనలను రూపొందించిన సంగతి అక్కడ తెలియజేస్తాడు. ఆ మూడు చీకట్లు ఏమిటి? హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజియల్లాహు అన్హు), ముజాహిద్, ఇక్రిమా వంటి తొలితరం వ్యాఖ్యాతలు చెప్పినది ఇది: ఒకటి తల్లి ఉదరపు చీకటి, రెండవది గర్భాశయపు చీకటి, మూడవది ‘మషీమా’ చీకటి. మషీమా అనగా బిడ్డను చుట్టి ఉండే పొర, మన తెలుగులో మాయ. ఇబ్నె కసీర్ (రహ్మతుల్లాహి అలైహి) తన తఫ్సీరులో దీనిని బిడ్డకు కప్పుగా, కాపుదలగా ఉండేదని వివరించారు.

ఈ ఆయతును పట్టుకొని, ఫలానా పొర పేరు వైద్యులకన్నా ముందే మన గ్రంథములో ఉన్నది చూడండి అంటూ వీడియోలు పంపేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. మా ఫోనుకూ వస్తుంటాయి. వారి ఉత్సాహమును తప్పుపట్టము. కాని పాఠ్యపుస్తకములు తరానికొకసారి మారుతాయి, అల్లాహ్ వాక్కు మారదు. మారే దానితో మారని దానిని ముడివేస్తే, రేపు పుస్తకము మారిననాడు మన పిల్లల విశ్వాసము ఊగుతుంది. పైగా ఆ వీడియో చూసి “సుబ్‌హానల్లాహ్” అన్న మనిషే, అదే రాత్రి తన ఇంట నిండు గర్భిణి నడుము పట్టుకొని నిలబడితే “తెల్లవారనీ, చూద్దాము” అంటున్నాడు. ఆ మూడవ చీకటిని గూర్చి ఈ జుమాలో మాట్లాడదలచినది అందుకే.

మన కంటికి ఎదురుగా ఉన్న చోటి నుంచే మొదలు పెడదాము. ఏటా జనవరి మొదలు మార్చి దాకా రామకృష్ణా బీచ్ నుంచి భీమునిపట్నం వైపు సాగే మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ వచ్చి ఇసుకలో గుంట తవ్వి గుడ్లు పెడతాయి. ఒక్కొక్క గుంటలో 100 నుంచి 120 దాకా ఉంటాయి. జీవితమంతా సముద్రములో గడిపే ఈ ప్రాణి, వలలను, పడవలను, కుక్కలను దాటుకొని, ఈడ్చుకుంటూ గట్టుకు ఎందుకు రావాలి? ట్రాలర్ల వలలలో చిక్కి చనిపోయి ఒడ్డుకు కొట్టుకువచ్చిన తల్లి తాబేళ్లను మనలో చాలామంది చూసే ఉంటారు. అంత ప్రమాదమునకు ఓర్చి అది రావడానికి కారణము ఆ గుడ్డులోని పొరలే.

చేపగుడ్డు సంగతి వేరు. అది నీటిలోనే ఉంటుంది. పిండమునకు ప్రాణవాయువు ఆ నీటి నుంచే అందుతుంది, మలినము ఆ నీటిలోకే పోతుంది. వేరే ఏర్పాటు అక్కరలేదు. తాబేలు గుడ్డు అలా కాదు. దానిని సముద్రములో ముంచితే లోపలి పిల్ల ఊపిరాడక చనిపోతుంది. గాలి ఆడే నేలమీద ఉండడానికే అది నిర్మింపబడినది. నేలమీద ఉంటే ఎండిపోవాలి కదా? ఎండిపోకుండా పిండము చుట్టూ ఒక పొర నీటిని నింపుకొని నిలుస్తుంది. కళాశాల పుస్తకములలో దీనిని ఉల్బము అంటారు, ఇళ్లలో ఉమ్మనీటి సంచి అంటారు. సముద్రమును వదిలివచ్చిన గుడ్డులో మళ్లీ ఒక చిన్న సముద్రము! మరొక సంచి పచ్చసొనను చుట్టి ఆహారము అందిస్తుంది. అళిందము అనే మూడవ సంచి పిండము విడిచిన మలినమును ఒక ప్రక్కన దాచి ఉంచుతుంది. అదే సంచి పెరిగిపోయి, అన్నిటికన్నా వెలుపల ఉండే పరాయువు అనే పొరతో కలిసి, పెంకులోని సన్నని రంధ్రముల గుండా గాలిని అందుకుంటుంది. ఊపిరితిత్తులు పని మొదలుపెట్టని రోజులలో పిల్లకు ఊపిరి అదే. చెత్త దాచిన సంచియే ఊపిరి అందించే సంచి కావడము చూడండి. ఈ పేర్లు గుర్తుంచుకోనక్కరలేదు, పని గుర్తుంటే చాలు.

అటవీశాఖ వారు, స్వచ్ఛంద సేవకులు ఆ గుడ్లను ఏరి కంచె వేసిన చోటికి తరలిస్తారు. వారు పాటించే నియమము ఒకటి ఉన్నది. పెట్టిన కొద్ది గంటలలోపే తరలించాలి, గుడ్డును దొర్లించరాదు, పైభాగము పైనే ఉండాలి. ఎందుకంటే పిండము పైకి చేరుకొని, దానిని కప్పిన పలుచని పొర పెంకు లోపలి వైపుకు అతుక్కుంటుంది. ఆ తరువాత గుడ్డును తిప్పితే పొర చిరుగుతుంది, పిల్ల పోతుంది. గుడ్డు పగలదు. బయటికి ఏ గీతా కనిపించదు. 45 నుంచి 60 రోజులు గడిచి, తోటి గుడ్ల నుంచి పిల్లలు బయటికి వచ్చినప్పుడే ఆ గుడ్డులో ప్రాణము ఎప్పుడో పోయినదని తెలుస్తుంది.

కోడి విషయములో అల్లాహ్ దీనికి విరుద్ధమైన ఏర్పాటు చేశాడు. పొదిగే కోడి గుడ్లను ముక్కుతో మాటిమాటికి తిప్పుతూ ఉంటుంది. తిప్పకపోతే పిండము పొరలకు అతుక్కుపోతుంది. అందుకే హేచరీలలో యంత్రములు 21 రోజులలో మొదటి 18 రోజులు గుడ్లను తిప్పుతూనే ఉంటాయి. ఒక గుడ్డును తిప్పితే చస్తుంది, మరొకటి తిప్పకపోతే చస్తుంది! ఈ తేడాను ఆ కోడికి ఎవరు నేర్పారు? గుడ్లు పెట్టి వెనుదిరిగి చూడక సముద్రములోకి పోయే ఆ తాబేలు గుడ్డుకు కదలని ఇసుకను ఎవరు కేటాయించారు? ఇల్మ్ ఉన్నవారు ఇక్కడ ఆగి ఆలోచించాలి.

ఇప్పుడు మనిషి దగ్గరకు వద్దాము. ఆ పొరలే ఇక్కడా ఉన్నాయి, పనులు కొంత మారాయి. అండము ఫలించిన ఆరేడు రోజులకు గర్భాశయపు గోడను అంటుకుంటుంది. ఖుర్ఆన్ వాడిన ‘అలఖ్’ అనే పదములో వ్రేలాడుట, అంటిపెట్టుకొనుట అనే అర్థము ఉన్న సంగతి అరబీ చదివినవారు ఎరుగుదురు. అంటుకునేది పిండము కాదు, దాని వెలుపలి పొర. మెడికల్ షాపులో తెచ్చిన పరీక్ష పట్టీపై రెండవ గీత కనిపించినదని ఇంట సంబరపడతారు కదా, ఆ గీతను తెప్పించే హార్మోను ఆ వెలుపలి పొర కణముల నుంచే వస్తుంది. బిడ్డకు ఇంకా రూపము ఏర్పడలేదు, గుండె లేదు, నోరు లేదు. బిడ్డ తరపున తల్లికి మొదటి సలాము చెప్పినది దాని పొర! మూడవ వారములో తొలి రక్తకణములు సైతము పిండము శరీరములో పుట్టవు, ప్రక్కనున్న సొనసంచి గోడలో పుడతాయి.

ఆ వెలుపలి పొర వేళ్లలా గర్భాశయములోనికి చొచ్చుకొని మాయగా ఎదుగుతుంది. కాన్పునాటికి అది సుమారు అరకిలో ఉంటుంది. తల్లి రక్తము, బిడ్డ రక్తము సాధారణముగా కలవవు. పలుచని గోడకు ఇవతల ఒకటి, అవతల ఒకటి ప్రవహిస్తూ ఇచ్చిపుచ్చుకుంటాయి. తల్లి తిన్నదాని సారము, ఆమె పీల్చిన ప్రాణవాయువు అటు వెళ్తాయి, మలినములు ఇటు వస్తాయి. అయితే ఆ గోడ అన్నిటినీ ఆపలేదు. పొగాకులోని నికోటిన్ దాటిపోతుంది, పొగలోని విషవాయువు దాటిపోతుంది. గర్భిణి కూర్చున్న గదిలో సిగరెట్టు వెలిగించే సోదరుడు ఈ మాట వినాలి. అల్లాహ్ మూడు చీకట్ల వెనుక దాచిన బిడ్డ నోటికి నీవు పొగను అందిస్తున్నావు.

లోపల ఉమ్మనీరు ఎనిమిదవ నెల చివరికి సుమారు 800 మిల్లీలీటర్లు ఉంటుంది. దెబ్బ తగిలితే ఆ నీరు అదురును పంచుకుంటుంది. బిడ్డ కాళ్లు చేతులు ఆడించి కండలు పెంచుకునేది అందులోనే. దానిని మింగుతూ, లోనికి పీలుస్తూ వదులుతూ ఊపిరితిత్తులకు పని నేర్పేది అందులోనే. కాన్పుతో ఆ పని తీరిపోతుంది. ఈ పొరలు తల్లి ఒడి నుంచి కోసి ఇచ్చినవి కావు, బిడ్డ పుట్టిన అండము నుంచే అవీ పుట్టాయి. ఒకే అండములో కొంత భాగము బిడ్డ అయినది, కొంత భాగము ఆ బిడ్డకు ఇల్లు అయినది. ఇల్లు అయినది లోకమును చూడకుండానే పారవేయబడుతుంది.

ఆ మాయను ఏమి చేయాలని అడుగుతుంటారు. మనిషి శరీరము నుంచి వేరైన దానిని మర్యాదగా పాతిపెట్టుట మంచిదని ఫుఖహా చెప్పారు. ఆసుపత్రులలో 2016 నాటి జీవవైద్య వ్యర్థముల నిబంధనల ప్రకారము దానిని పసుపు సంచిలో వేసి వేరుగా తొలగిస్తారు. వారు ఇస్తే తెచ్చి పాతిపెట్టండి, ఇవ్వకపోతే గొడవపడకండి. నిమ్మకాయలు, మేకులు, గడప క్రింద పాతుట, ఇవి మాత్రము మన ధర్మములో లేవు. అలాగే పేగు మెడలో వేసుకొని పుట్టిన బిడ్డ మేనమామకు గండమని ఒక నమ్మకము మన ఇళ్లలోకి కూడా చొరబడినది. నీటిలో తేలుతూ తిరిగే బిడ్డకు బొడ్డుతాడు మెడచుట్టూ పడుట ఎన్నో కాన్పులలో జరిగేదే. అప్పుడు చూసుకోవలసినది బిడ్డ ఊపిరిని, మేనమామ జాతకమును కాదు. నూనెగిన్నెలో ముఖము చూపించే తంతుకు మౌల్వీని పిలవకండి, మేము రాము.

పొర లోపలి ప్రాణము ఇంకా లోకములోకి రాలేదు గనుక దానికి లెక్క లేదని ఎవరైనా అనుకుంటే, మన ఫిఖ్‌హ్ గ్రంథములు అలా అనుకోలేదు. ఇహ్రాములో ఉన్నవాడు నిప్పుకోడి గుడ్డును పగలగొడితే దాని వెల చెల్లించాలని హిదాయాలో ఉన్నది. అందులోనుంచి చనిపోయిన పిల్ల బయటపడితే బ్రతికి ఉన్న పిల్ల వెల కట్టాలి. వారు చూపిన కారణము మనము గమనించాలి: గుడ్డు అన్నది పిల్ల బయటికి వచ్చేందుకు సిద్ధపరచబడినది, వేళకు ముందే దానిని పగలగొట్టుటయే ఆ చావుకు కారణమని భావించబడుతుంది. ఈనడానికి దగ్గరపడిన గొర్రెను, ఆవును కోయుట మక్రూహ్ అని, అది లోపలి పిల్లను నష్టపరచుటయని ఫతావా ఆలంగీరీ చెబుతున్నది. దేశ చట్టము కూడా ఈ విషయములో స్పష్టముగానే ఉన్నది. 2001 నాటి కబేళా నిబంధనల ప్రకారము చూడి పశువును కోయరాదు. బక్రీదు సంతలో బరువు చూసి మోసపోయి చూడి మేకను కొనే సోదరులు, కసాయి వృత్తిలోని సోదరులు ఈ మాటను గట్టిగా పట్టుకోవాలి. పొట్ట తడిమి చూసే అనుభవము మీకున్నది, అడిగితే పశువైద్యుడు చెబుతాడు.

నిప్పుకోడి గుడ్డు విషయములో ఇంత లెక్క ఉన్న ధర్మములో, మన ఇంటి ఆడపడుచు విషయములో ఎంత లెక్క ఉండాలి?

కాన్పుల సమయములో ఏమి జరుగుతున్నదో మన బస్తీలవారు ఎరుగనిది కాదు. నొప్పులు రాకముందే ఉమ్మనీరు పోతుంది. కొందరు ఆడపిల్లలు అది మూత్రమేమో అనుకొని సిగ్గుతో ఎవరికీ చెప్పరు. చెబితే ఇంటివారు “నొప్పులు రానీ” అంటారు. “అత్తగారు రానీ” అంటారు. “మీ ఆయన సి షిఫ్టు దిగి రానీ” అంటారు. భర్త ఓడపై ఉంటే ఆ మాటకు అంతే లేదు. ఈ నగరములో మగవారు స్టీల్‌ప్లాంటులో రాత్రి కొలిమి దగ్గర ఉంటారు, పోర్టులో సరుకు దించుతూ ఉంటారు, నెలల తరబడి సముద్రము మీద ఉంటారు. ఆ పొర మాత్రము ఎవరి షిఫ్టునూ చూసి చిరగదు.

పొర చిరిగినదంటే కాపుదల తొలగినదని అర్థము. అంతవరకు క్రిములను బయట నిలిపిన గోడకు ద్వారము తెరుచుకున్నది. గంటలు గడిచేకొద్దీ తల్లికి, బిడ్డకు ఇన్‌ఫెక్షన్ సోకే అపాయము పెరుగుతుంది. నీరు పచ్చగా ఉన్నా, దుర్వాసన వచ్చినా, రక్తము కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా ఒక్క క్షణమైనా ఆగరాదు. నెలలు నిండకముందే నీరు పోతే మరింత తొందర అవసరము. 108కి ఫోను చేయడానికి ఎవరి ఇజాజతు అక్కరలేదు. భార్య ప్రాణము కాపాడుకొనుటకు భర్త అనుమతి కోసము ఎదురుచూడాలని ఏ ఫిఖ్‌హ్ గ్రంథములోనూ మేము చదవలేదు.

పరదా మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఆలస్యమునకు చాలాసార్లు దీనినే కారణముగా చూపుతారు. స్త్రీ వైద్యురాలు దొరికితే ఆమెయే మేలు. దొరకకపోతే, ప్రాణము మీదికి వచ్చినప్పుడు, పురుష వైద్యుని చూపించుకొనుట అవసరము మేరకు జాయిజ్. ఇందులో నాలుగు మజ్‌హబులలోనూ సందేహము లేదు. మన పాత నగరములోని ప్రభుత్వ విక్టోరియా ఆసుపత్రిని జనము నేటికీ ఘోషాసుపత్రి అనే పిలుస్తారు. ఘోషా పాటించే స్త్రీలు కూడా వైద్యమునకు రావాలనే కదా ఆ పేరు! మన నానమ్మల తరమువారు బురఖాతో ఆ గడప తొక్కారు. పరదా వారిని ఆసుపత్రికి చేర్చినదే గాని ఇంట బంధించలేదు.

మరొక మాట వింటున్నాము. కాన్పులో మరణించిన స్త్రీ షహీదు అని హదీసులో ఉన్నది, ఆమెకు స్వర్గమే గదా అని. హదీసు సత్యము. ఆ పదవి ఆమెది, ఆమె సహించిన బాధకు ఆమె ప్రభువు ఇచ్చేది. ఆలస్యము చేసినవారికి అది మాఫీనామా కాదు. గర్భమును ‘రహిమ్’ అంటాము, ఆ పేరు అల్లాహ్ తన రహ్మాన్ నామము నుంచి తీసి ఇచ్చినదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) తెలిపారు. రహ్మాన్ పేరు మోస్తున్న చోటును నిర్లక్ష్యము చేసి, షహాదతు మాటున దాగుట ఎలాంటిదో మీరే ఆలోచించుకోండి.

హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) రాత్రి గస్తీ సంగతి మీకు తెలిసినదే. మదీనా వెలుపల ఒక గుడారము. ఎడారి నుంచి వచ్చిన ఒక మనిషి, లోపల నొప్పులు పడుతున్న భార్య. తోడుగా మరొక ఆడమనిషి లేదు. ఖలీఫా వెంటనే ఇంటికి వెళ్లి తన భార్య ఉమ్మె కుల్సూమ్ను, అనగా హజ్రత్ అలీ (రజియల్లాహు అన్హు) కుమార్తెను, లేపారు. అల్లాహ్ మన గుమ్మము ముందుకే పుణ్యమును పంపాడు, వస్తావా అని అడిగారు. కాన్పుకు కావలసినవి ఆమె తీసుకున్నారు, పిండి, కొవ్వు ఆయన మోశారు. ఆమె గుడారములోనికి వెళ్లారు. ఆయన బయట కూర్చుని పొయ్యి ఊదుతూ వండారు. లోపలి నుంచి ఆమె, ఓ అమీరుల్ మూమినీన్, మీ స్నేహితునికి కొడుకు పుట్టాడని చెప్పండి అన్నప్పుడే ఆ మనిషికి తన ఎదుట పొయ్యి ఊదుతున్నది ఎవరో తెలిసినది. ఈ సంఘటనను ఇబ్నె కసీర్ కూడా తన చరిత్రలో ప్రస్తావించారు.

ఆ రాత్రి ఆ మనిషిని ఆయన తెల్లవారేదాకా ఆగమనలేదు. ఆ ఇంటి మూడవ చీకటి చిరిగే వేళ బయట కాపుదలగా నిలువవలసినది తామేనని గుర్తించారు. గర్భములో పొర మోసిన అమానతు, పొర చిరిగిన క్షణము నుంచి మన భుజము మీదికి వస్తుంది. భర్త ఊళ్లో లేకపోతే ప్రక్కింటివారి మీదికి, వారూ లేకపోతే మహల్లా మీదికి వస్తుంది.

కనుక ఈ జుమా నుంచి ఒక పని మొదలు పెడుతున్నాము. కారు గాని ఆటో గాని ఉన్న సోదరులు నమాజు ముగిసిన తరువాత ముఅజ్జిన్ సాహెబ్ వద్ద ఉన్న నోటుపుస్తకములో పేరు, ఫోను నంబరు వ్రాయండి. రాత్రి రెండు గంటలకు పిలిచినా లేచి రాగలవారే వ్రాయండి, మొహమాటమునకు వ్రాయకండి. షిఫ్టు డ్యూటీలు చేసేవారు ఏ వారము ఏ షిఫ్టో కూడా వ్రాయండి. తోడుగా ఆసుపత్రికి వెళ్లగల సోదరీమణులు మేడమీద వేరే పుస్తకములో వ్రాయాలి, మగవారి చేతికి ఆ నంబర్లు రావు. ఇంట నెలలు నిండిన కోడలు, కూతురు ఉన్నవారు చివరి నెల మొదలవగానే తెలియజేయండి. పిలుపు మా మతమువారి ఇంటి నుంచి వచ్చినదా, ప్రక్క వీధి మత్స్యకారుల ఇంటి నుంచి వచ్చినదా అని అడగరాదు. ఆటోకు డీజిలు ఖర్చు బైతుల్ మాల్ నుంచి ఇవ్వబడుతుంది.

యా అల్లాహ్! మూడు చీకట్లలో నీవు కాపాడుతున్న బిడ్డలను క్షేమముగా వెలుగులోకి తీసుకురా. వారిని మోస్తున్న తల్లులకు బలమును, సులువైన కాన్పును ప్రసాదించు. బిడ్డను చూడకముందే పోగొట్టుకున్నవారికి సబ్ర్ ప్రసాదించు. ఆమీన్.

సఫులు సరిచేసుకోండి.